బుక్ చేస్తే వచ్చేసేది కాదు కారు

ఏం నాయనా, నెలన్నరకే అంత ఆయాసమా? మా ఎదురింటి కుర్రాడు కొత్త కారు బుక్ చేశాడు. షోరూము వాళ్లు ఆరు వారాలు పడుతుందన్నారట. ఇక చూడండి, పొద్దున్నే వాళ్లకు ఫోను, మధ్యాహ్నం మళ్లీ ఫోను, సాయంత్రం అరుగు మీద కూర్చుని నా దగ్గర సణుగుడు. డబ్బు కట్టించుకుని ఇన్నాళ్లు ఆపడం అన్యాయం కాదా తాతగారూ అంటాడు. మా రోజుల్లో ఆరు వారాలంటే డీలరుకు రాసిన కార్డుకు జవాబు రావడానికే చాలేవి కావు. ఆ జవాబులో మాత్రం ఏముండేది? మీ వంతు రాగానే తెలియజేస్తాము, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని మేము ఇంకో ఏడాది నెట్టుకొచ్చేవాళ్లం.

2022 జులైలో స్కార్పియో-ఎన్ కారుకు బుకింగులు తెరిచిన అరగంటలో లక్ష దాటాయని పేపర్లో చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అంతకు ముందటేడు ఎక్స్‌యూవీ 700కి మొదటి పాతికవేలు గంటలోపే అయిపోయాయట. అరగంటలో కారు కావాలని ఎలా తేల్చుకుంటారర్రా? ఇంట్లో పెద్దవాళ్లను అడగొద్దూ? బావమరిది వద్దనొద్దూ? మళ్లీ ఆయనే వచ్చి, సరే తీసుకోండి బావా అనొద్దూ? మా ఇంట్లో సీలింగు ఫ్యాను కొనాలా వద్దా అన్నది తేలేసరికే ఒక ఎండాకాలం గడిచిపోయింది.

అప్పుడు దేశం మొత్తానికి ఉన్నవి మూడే కార్లు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఏ ఫ్యాక్టరీ ఎన్ని కార్లు చెయ్యాలో ఢిల్లీ లైసెన్సు చెప్పేది. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో కూడా చాలాకాలం సర్కారు ఉత్తర్వే చెప్పింది. 1959లో వచ్చిన ఆ ఉత్తర్వు ప్రకారం కొత్త కారు కొన్నవాడు రెండేళ్లదాకా దాన్ని అమ్ముకోవడానికి లేదు. బుకింగు డిపాజిట్టును పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి, ఆ పాసుబుక్కును డీలరు పేర తాకట్టు పెట్టే పద్ధతి కూడా ఉండేది. పైన కోటాలు. సర్కారు కోటా అనీ, డాక్టర్ల కోటా అనీ. ఏ కోటాలోనూ ఇమడని మాలాంటి మేష్టర్లు మామూలు వరసలో, అందరికన్నా వెనక.

నాకు ఫియట్ పిచ్చి పట్టింది మాత్రం వరస సంగతి తెలియక ముందే. తెనాలిలో మా వీధి చివర ఒక డాక్టరుగారికి ఫియట్ ఉండేది, 1960ల నాటి మాట. దాని ముందు తలుపులు ఇప్పటి కార్ల తలుపులకు విరుద్ధంగా, వెనక్కి తెరుచుకునేవి. ఆయన దిగుతుంటే ముందు కాలు కనపడేది, తరవాత మందుల సంచి, ఆ తరవాత మనిషి. ఎవరింట్లోనో జ్వరం తగిలితే తప్ప ఆ కారు మా ఇళ్ల ముందు ఆగదు. అయినా సరే, అది ఆగిందంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. బానెట్టు మీద చెయ్యి పెడితే వేడిగా ఉండేది. లోపల్నించి పెట్రోలు వాసన, రెగ్జిన్ సీటు వాసన, డెట్టాలు వాసన కలిసి వచ్చేవి. నాకు ఇప్పటికీ ఆస్పత్రిలో డెట్టాలు వాసన తగిలితే కారే గుర్తొస్తుంది. ఆ బండికి 1970ల్లో ప్రెసిడెంటు అని ఒక పేరు పెట్టారు, తరవాత పద్మిని అన్నారు. కంపెనీ ఏం పెట్టినా జనం మాత్రం చివరిదాకా ఫియట్ అనే అన్నారు.

ఉద్యోగం వచ్చి, పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, చెల్లెలి పెళ్లి అప్పు తీరాక, 1978లో బెజవాడ వెళ్లి బుక్ చేశాను. ఆ రసీదు ట్రంకుపెట్టె అడుగున ఇంటి దస్తావేజుల మధ్య పెట్టింది మా ఆవిడ. డబ్బా? నెలనెలా చీటీ. పాడుకోకుండా చివరిదాకా ఆగితే ఎక్కువ వస్తుందని ఆగేవాళ్లం. ఒక చీటీ అయిపోతే ఇంకోటి. ఎందుకంటే ఆ రోజుల్లో బుక్ చేసిన నాటి ధరకు కారు ఇవ్వరు, డెలివరీ నాటికి ఎంతుంటే అంత కట్టాలి. మేము కూడబెట్టేది కొంచెం, ధర పెరిగేది ఇంకొంచెం.

బెజవాడలో ఏ పని పడ్డా డీలరు దగ్గరికి ఓసారి వెళ్లొచ్చేవాణ్ణి. అక్కడో గుమాస్తా, ఆయన ముందు పెద్ద రిజిస్టరు. పేజీల మీద వేలు జరుపుకుంటూ వెళ్లి మన పేరు దగ్గర ఆపి, ఇంకా టైముందండీ మేష్టారూ అనేవాడు. కోపం రాదా అంటారేమో. రాలేదు సుమండీ. పేరు ఉందిగా! తిరుగు పాసింజరులో కూర్చుని, వరసలో నా ముందు ఎంతమంది తగ్గారో లెక్కేసుకుంటే ఇల్లు వచ్చేసేది. ఇప్పుడు మీకు ఫోనులో ట్రాకింగట, బండి ఏ ఫ్యాక్టరీ గేటు దాటిందో, ఏ లారీ ఎక్కిందో అన్నీ కనపడతాయట. అన్నీ కనపడుతున్నా మీకు నిద్ర పట్టదు. మాకు ఏమీ కనపడేది కాదు, హాయిగా నిద్రపోయేవాళ్లం.

కారు రాకముందే ఇంట్లో దాని సంసారం మొదలైపోయింది. ముందు షెడ్డు వేయించాం. రేకుల షెడ్డు, కింద నాపరాళ్లు. ఖాళీగా ఉంచడం దేనికని మా అమ్మ గేదెను కట్టేసింది. గేటు చాలదేమోనని అనుమానం వచ్చి, కొలతలు సంపాదించాను. 13 అడుగులకు కాస్త తక్కువ పొడవు, 5 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. ఆ లెక్కన మా ఆవిడ వాకిట్లో ముగ్గుపిండితో కారు గీసింది. వట్టి గీతలు కాదు, నాలుగు చక్రాలు, స్టీరింగు, వెనక సీటు, అన్నీ పెట్టింది. నా వైపు కూడా చూడకుండా, డ్రైవరు పక్కన సీటులో చిన్న పువ్వు కూడా వేసింది. పిల్లలు పరిగెత్తుకొచ్చి గీతల మధ్య వాళ్ల చోట్లలో కూర్చున్నారు. పెద్దాడు స్టీరింగు దగ్గర కూర్చుంటే చిన్నది ఒప్పుకోలేదు, ఏడుపు. మా అమ్మ మజ్జిగ చిలుకుతూ, ముందు బండి రానీండర్రా, తరవాత కొట్టుకుందురు గాని అంది. వాన వచ్చి ఆ ముగ్గు పోతే పిల్లలు మళ్లీ గీయించుకున్నారు. ఈ రోజు మీ పిల్లలు షోరూములో ట్యాబ్ మీద రంగులు మార్చుకుంటూ కారును గిరగిరా తిప్పి చూస్తారు కదా. తిప్పుకోండి. మా పిల్లలు ఆ ముగ్గుకారులో మద్రాసు వెళ్లొచ్చారు.

ఇంతలో మారుతి వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఇచ్చారు. ఇక ఊళ్లో ఎక్కడ కూర్చున్నా అదే మాట. గేరు కిందనుంచట, జపాన్ ఇంజనట. మా బావమరిది బుక్ చేసేశాడు. ఆ ఫియట్ మీద పంతమెందుకు బావా, క్యాన్సిల్ చేసి ఇందులో చేరండి అన్నాడు. ఎలా చేస్తానయ్యా? అయిదేళ్లకు పైగా నా పేరు ఆ రిజిస్టరులో ఉంది. మాట ఇచ్చి పక్కింటి సంబంధం బాగుందని మార్చేసుకుంటామా? మీరైతే మార్చేసుకుంటారు. ఒక షోరూములో బుక్ చేసి, పక్క షోరూములో ఇంకో కంపెనీది బుక్ చేసి, ఏది ముందొస్తే దాంట్లో ఎక్కి కూర్చుంటారు, రెండోదాన్ని ఒక్క నొక్కుడుతో రద్దు చేస్తారు. మారుతి మంచి బండి, కాదనను. ముప్పయ్యేళ్లు నడిచింది, మధ్యతరగతి వాణ్ణి కారెక్కించింది. కానీ తలుపు వేస్తే టక్‌మనేది. ఫియట్ తలుపు వేస్తే వీధి చివరిదాకా తెలిసేది, మేష్టారు వచ్చారని.

1984లో నా వంతు వచ్చిందని డీలరు నుంచి కార్డు వచ్చింది. కార్డు వచ్చిన మూడోనాడు ఒక పెద్దమనిషి వచ్చాడు, తెల్ల పంచె, చేతిసంచి. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మీ అలాట్‌మెంటు నాకు ఇచ్చేయండి మేష్టారూ, మీ డిపాజిట్టుకు పైన ఇంత ఆన్ ఇస్తానని ఒక అంకె చెప్పాడు. నా ఏడాది జీతం కన్నా ఎక్కువ. నేను నోరు తెరవలేదు. నిజం చెప్పాలంటే కూడికలు వేసుకుంటున్నాను. మా ఆవిడ లోపల్నించి వచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుని, మా షెడ్డులో గేదెను మొన్ననే అమ్మేశామండీ, ఇప్పుడు అందులో కారే పెట్టాలి అంది. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు మీరు ఆన్‌లైన్ అంటారు, మేము ఆన్ అంటేనే భయపడేవాళ్లం.

నాకు ఆకాశనీలం కావాలని ఉండేది. వచ్చింది బూడిదరంగు. రంగు నచ్చకపోతే వదులుకో, మళ్లీ వరస చివరికి వెళ్లు. వదులుకునేవాడెవడు? ఇంటికొచ్చేసరికి లోకంలో బూడిదరంగుకు మించిన రంగు లేదని ఇంటిల్లిపాదికీ నిశ్చయమైపోయింది. ఇప్పుడు మా ఎదురింటివాడు మూడుసార్లు రంగు మార్చాడు. పైన నలుపు కింద ఎరుపు అంటాడు, దానికేదో ఇంగ్లీషు పేరు. అందుకే వాడి బండి ఆలస్యమవుతోందని నా అనుమానం.

డెలివరీ రోజు షోరూములో కేకు కోయలేదు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగలేదు. బండి మీద ఎర్రగుడ్డ కప్పి, అది లాగి చప్పట్లు కొట్టించుకోలేదు. గుమాస్తా కాగితాల మీద సంతకాలు పెట్టించి తాళాలు చేతిలో పెట్టాడు. అదే గుమాస్తా. ఆయనా కాస్త లావెక్కాడు, నేనూ నెరిశాను. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, ఇన్నేళ్లలో మొదటిసారి. దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. బ్యారేజీ దాటి, మంగళగిరిలో ఆగి పానకాలస్వామికి పానకం పోయించి, దుగ్గిరాల మీదుగా తెనాలి. వెనక అద్దానికి రన్నింగ్ ఇన్ అని కాగితం అంటించి ఉంది, కొత్త ఇంజనును మొదట్లో తొందరపెట్టకూడదు మరి. సైకిళ్లు మమ్మల్ని దాటిపోలేదు గాని, బస్సులన్నీ దాటిపోయాయి. సీట్ల మీద ప్లాస్టిక్కు తొడుగు తియ్యనివ్వలేదు మా ఆవిడ. ఎండకు కాలి ఒళ్లంతా అంటుకునేది, అయినా అది రెండేళ్లు అలాగే ఉంది.

బండి నడపడమంటే అప్పుడు ఒక విద్య. గేరు రాడ్డు స్టీరింగు పక్కన, ముందు సీటు బెంచీలా ఒకటే, ముగ్గురు కూర్చోవచ్చు. చలికాలం పొద్దున చోకు ఎంత లాగాలో చేతికి తెలియాలి, ఎక్కువ లాగితే పెట్రోలు పొర్లి మొరాయిస్తుంది. ఎండాకాలం ఇంకో తమాషా. మేము తిరుపతి వెళ్తూ ఒంగోలు దాటామో లేదో ఇంజను ఆగిపోయింది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి పంపు లాగలేదు. ఏసీ పంపు అనేవాళ్లం దాన్ని, చల్లదనానికీ దానికీ సంబంధం లేదులే. మందు మాకు తెలుసు, పంపు మీద తడిగుడ్డ వెయ్యాలి. తెచ్చుకున్న నీళ్లు అప్పటికే పిల్లలు తాగేశారు. పొలంలోంచి ఒక రైతు బిందె మోసుకొచ్చాడు. గుడ్డ తడిపి వేసి, అది చల్లారేదాకా వేపచెట్టు కింద కూర్చుంటే ఆయన కొడుకు తాటిముంజలు తెచ్చాడు. ఆయనా మా నాన్నా ఏదో చుట్టరికం కూడా తీశారు. ఆ తరవాత చాలా ఏళ్లు, ఆ దారిన ఎప్పుడు వెళ్లినా ఆ ఊళ్లో ఆగి పలకరించేవాళ్లం. ఇప్పుడు ఆ రోడ్డే ఎన్‌హెచ్ 16. టోలుగేటు నుంచి టోలుగేటుకు అద్దాలు దించకుండా పోతున్నారు. ఒంగోలు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో అడిగితే ఫోనులో చూసి చెబుతారు.

నంబరు ప్లేట్లను కూడా వదల్లేదు. ఏపీ 7 అంటే గుంటూరు, 16 అంటే కృష్ణా. దూరాభారం వెళ్లినప్పుడు హోటలు ముందు 7 కనపడితే, మనవాళ్లెవరో చూద్దామని లోపలికి వెళ్లేవాణ్ణి. 2019 నుంచి రాష్ట్రమంతా 39 అన్నారు. ఇప్పుడు ఏ కారు ఎవరిదో ఆ భగవంతుడికే తెలియాలి.

అప్పు సంగతికి వద్దాం. మా ఎదురింటివాడు ఏడేళ్ల వాయిదాలకు తీసుకుంటున్నాడట. కారు వచ్చేముందు మేము ఎదురుచూశాం, వచ్చాక అది మాదే. మీ ఎదురుచూపు వచ్చాక మొదలవుతుంది. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు పోయేసరికి మీకు ఆ బండి మొహం మొత్తి ఇంకోటి కావాలి. ఈ మాటంటే మా మనవరాలు ఊరుకుంటుందా? లాల్‌బహదూర్ శాస్త్రిగారు కూడా అప్పు చేసే కొన్నారుగా తాతయ్యా అంది. నిజమే. 1964లో ప్రధానమంత్రిగా ఆయన కొనబోయిన ఫియట్ ధర 12 వేలు, ఆయన దగ్గరున్నది 7 వేలు. మిగతా 5 వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన పోతే, ఆ అప్పును లలితాశాస్త్రిగారు పెన్షనులోంచి తీర్చారు. నేను చెప్పేదీ అదేనే తల్లీ, ఆ ఒక్క కారునే ఆ ఇల్లు గుండెల్లో పెట్టుకుంది, మూడేళ్లకోసారి మార్చలేదు.

ఇంకో మాట కూడా అంటుంది మా మనవరాలు. మీ ఫియట్‌లో సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగు లేదు, ముందు సీటులో ముగ్గురు, వెనక అయిదుగురు, దేవుడి దయ వల్ల బతికారు అంటుంది. ఒప్పుకోవాల్సిన మాట. 2019 నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు, మంచి పని చేశారు. ఒక మామూలు కారు కోసం మనిషి నడివయసు దాకా ఆగాల్సి రావడం న్యాయమని కూడా నేననను. మా వరసలో నా ముందున్న ఒకాయన కార్డు రాకముందే పోయాడు, ఆ కార్డు ఆయన భార్యకు అందింది. ఆమె ఆ కారు తీసుకోలేదు. లైసెన్సులిచ్చిన ఢిల్లీ వాళ్లకు ఇలాంటివి తెలియవు. తెలిసి ఉంటే బాగుండేది. ఇంత చెప్పాక కూడా, తాతయ్యా మరి ఆ రోజులే బాగున్నాయా అని అడిగితే, బాగున్నాయనే అంటాను. ఎందుకంటే మా పిల్లలు ఆ కారును వచ్చే ముందే ప్రేమించారు.

మా ఫియట్ 1990ల చివరిదాకా ఇంట్లోనే ఉంది. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దడం పెద్దాడికి నేర్పాను, కార్బురేటరు విప్పి కడగడం చిన్నదానికి నేర్పాను. మిగతాదంతా బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చూసేవాడు. బండి కదిలే ముందు శబ్దం విని రోగం చెప్పేవాడు. ఇప్పుడు బండికి జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించి చూస్తున్నారు, అదేదో కోడు చెబుతుంది, కోడు చెప్పినదాన్ని మొత్తం పీకేసి కొత్తది వేస్తారు. బాగుచెయ్యడమన్నది లేదు.

సరే, మా ఎదురింటి కుర్రాడికి చెప్పాను. ఆరు వారాలు ఆగవోయ్, ఈలోపు మీ అమ్మను ఎక్కడికి తీసుకెళ్లాలో ఆలోచించుకో, ఆవిడ కాశీ చూడలేదు. డెలివరీకి వెళ్లేటప్పుడు నన్నూ పిలువు, నేను వస్తాను. కేకు కోసం కాదు. డిక్కీ తెరిపించి స్టెప్నీ ఉందో లేదో చూడాలి. ట్యూబ్‌లెస్ టైర్లూ, గాలి తగ్గితే చెప్పే మీటరూ, పంచరు కిట్టూ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో రూలు మార్చారు కదా, కొన్ని బండ్లకు ఒక డబ్బా జిగురు, చిన్న పంపు ఇచ్చి పంపేస్తున్నారట. లక్షలు పోసి కొన్న బండికి అయిదో చక్రం లేదంటే నేనూరుకోను, అక్కడే అడుగుతాను. జాకీ కూడా చూస్తాను.